తూకము తగ్గెనా, మాట తగ్గెనా?

నాణెమనగా లోహపు తునుకపై రాజ్యము చేసిన చేవ్రాలు. ఈ తునుకలో నింత వెండి కలదు, ఇంత బంగారము కలదు, దీనికి మేము పూచీ యని ప్రభుత్వము లోకమునకు చెప్పు మాటయే టంకశాల ముద్ర. బజారులో నెవడును ప్రతి నాణెమును గీటురాయిపై గీసి, త్రాసులో తూచి పుచ్చుకొనడు. ఆ శ్రమ యక్కఱలేకుండ జేయుటకే ముద్ర పుట్టినది. కావున నాణెపు తూకమును మార్చుట సామాన్యమైన కార్యాలయ వ్యవహారము కాదు. అది యిచ్చిన మాటను మార్చుట. మాటను మార్చు హక్కు రాజ్యమునకు లేదని మేము చెప్పము. మార్చినవాడు మార్చితినని నలుగురిలో నిలిచి చెప్పవలెనని మాత్రము చెప్పుదుము. ఈ ధర్మము చిన్నదిగా కనబడును. కాని దీనిని మఱచినచోట త్రాసు ముల్లు మొదలు రాజ్యపు పరువువఱకు సమస్తమును వంగిపోవును.

ఈ ప్రసంగమునకు కారణమైనది చీనా దేశపు పాండా నాణెము. 1982వ సంవత్సరమున నా దేశమువారు పాండా బొమ్మతో బంగారు నాణెములను ముద్రింప నారంభించిరి. మఱుసటి యేడు వెండి నాణెమును వచ్చినది. ఏటేట బొమ్మ మారుచుండుటచేత లోహమునకై కొనువారేగాక, సౌందర్యమునకై సేకరించువారును వీనిని మక్కువతో కూడబెట్టిరి. ఆరంభమునుండి యీ బంగారు నాణెములకు ట్రాయ్ ఔన్సు ప్రమాణముగా నుండెను. ఒక ఔన్సు, అర ఔన్సు, పావు ఔన్సు, ఔన్సులో పదవ వంతు. పిమ్మట నిరువదవ వంతు. దక్షిణాఫ్రికా 1967లో నారంభించిన క్రూగర్‌రాండును, కెనడావారు 1979లో నారంభించిన మేపుల్ లీఫును, అమెరికావారి 1986 నాటి ఈగిలును ఔన్సు ప్రమాణముననే నడచినవి గనుక, నాలుగు దేశముల నాణెములను పక్కపక్కన బెట్టి పోల్చుకొనుట కొనువానికి సులభముగా నుండెను.

2016వ సంవత్సరమున నీ ప్రమాణము మారినది. ఔన్సు పోయి గ్రాము వచ్చినది. ట్రాయ్ ఔన్సునకు 31.1035 గ్రాములు, క్రొత్త పాండాకు 30 గ్రాములు. అనగా నాణెమొకటికి 1.1035 గ్రాములు, నూటికి దాదాపు మూడున్నర వంతులు తగ్గినది. అర ఔన్సు స్థానమున 15 గ్రాములు, పదవ వంతు స్థానమున 3 గ్రాములు వచ్చినవి; అక్కడను తరుగు నూటికి మూడున్నరయే. ఇరువదవ వంతు ఔన్సు, అనగా 1.555 గ్రాముల చిన్న నాణెము పోయి, 1 గ్రాము నాణెము వచ్చినది. దీని ముఖవిలువను మాత్రము 20 యువానులనుండి 10 యువానులకు తగ్గించిరి. తక్కిన వాని ముఖవిలువలు మారలేదు. ఔన్సు బంగారు పాండాపై 500 యువానులని యుండెను. 30 గ్రాముల దానిపైనను 500 యువానులే. ఔన్సు వెండి పాండాపై 10 యువానులు. 30 గ్రాముల దానిపైనను 10 యువానులే. వెండి నాణెపు వ్యాసము పూర్వము 40 మిల్లీమీటర్లు. మార్పు పిమ్మటను 40 మిల్లీమీటర్లే. తరిగినది మందమునందు. మందమును కన్ను కనిపెట్టునా? వ్రేలు కనిపెట్టునా? పాతదానిని క్రొత్తదానిని చెఱియొక యరచేత బెట్టుకొన్నవాడు గ్రాము భేదమును చెప్పగలడా?

ఈ మార్పును గూర్చి నాణెముల సేకర్తలలో మూడు తెగల యభిప్రాయములు వినబడుచున్నవి. మొదటి తెగవారు దీనిని పట్టపగటి దొంగతనమనిరి. రెండవ తెగవారు, గ్రాము వెండికై యింత రభసయా, బొమ్మ బాగున్నది చాలదా యనిరి. మూడవ తెగవారు, ధర యెంతయైన నగుగాక, ముప్పది యేండ్ల వరుస తెగిపోయినది. ఔన్సు పాండాల వరుస 2015తో ముగిసినది, తరువాతివానిని మేము సేకరింపమనిరి. ఈ మూడు మాటలలోను కొంత నిజము కలదు. మూడింటిలోను అంతకు మించిన పొరపాటు కలదు. ఒక్కొక్కదానినే విచారింతము.

మొదట దొంగతనమను నభియోగము. ఈ పంక్తులు వ్రాయువాడు వృత్తిచే న్యాయవాది. వినియోగదారుల యుద్యమములో తీరిక దొరకినప్పుడెల్ల సేవకుడుగా పనిచేయువాడు. అభియోగము మోపుట కెంత నోరు కావలయునో, నిరూపించుట కంతకు పదిరెట్లు సాక్ష్యము కావలయునని వృత్తి నేర్పినది. మోసమునకు ప్రాణము మఱుగుపఱచుట. 30 గ్రాముల పాండాపై 30 గ్రాములని అంకెతో, అక్షరముతో ముద్రించియే యున్నది, వన్నెయు చెప్పబడియున్నది. చదువుకొన్నవాని కది దాచబడలేదు. మఱియు చీనాదేశము తన తూనికల కొలతల చట్టమును 1985లోనే చేసి, అంతర్జాతీయ మెట్రిక్ మానములను స్వీకరించినది. ఆ దేశపు స్వర్ణ విపణిలో బంగారపు ధర గ్రాములలో పలుకును. ఆ పాండా వరుసలోనే కిలో తూకపు పెద్ద నాణెములు 2016కు పూర్వమే యున్నవి. కావున ఇంటిలో ఎల్లవారును గ్రాములలో తూచుకొనుచుండగా నీ నాణెములు మాత్రము పరదేశపు ఔన్సును పట్టుకొని వ్రేలాడుట వింతయే. తన దేశపు మానములో తన నాణెమును ముద్రించుకొను హక్కు నే రాజ్యమునకును కాదనలేము. ఔన్సు వేదవాక్యము కాదు. అదియు నొకప్పటి వర్తకుల వాడుకయే.

ఇంకొక సంగతిని దొంగతనమనువారు చెప్పుట మఱచుచున్నారు. పావు ఔన్సు బంగారు నాణెమున 7.776 గ్రాములుండగా, దాని స్థానమున వచ్చిన నాణెము 8 గ్రాములు. ఇచ్చట తూకము తగ్గలేదు, నూటికి దాదాపు మూడు వంతులు పెరిగినది. ముఖవిలువ 100 యువానులే. దొంగిలించువాడు నాలుగు కుండలలో తీసి ఐదవ కుండలో పోయునా? నాలుగు నాణెముల తరుగును చాటి, ఐదవదాని పెరుగుదలను మ్రింగివేయుట సత్యమైన వాదము కాదు. సాక్షి తనకు ప్రతికూలమైన సంగతిని గూడ చెప్పినప్పుడే వాని మాటకు న్యాయస్థానమున బరువు. సేకర్తలకును ఇదే ధర్మము.

ఇంతమాత్రముచేత రెండవ తెగవారు మీసము దువ్వనక్కఱలేదు. గ్రాము వెండి యొక లెక్కయా యనువారు బులియన్ నాణెమనగా నేమియో యెఱుగనివారు. వాడుక నాణెమునకు ప్రాణము ముఖవిలువ. నేటి రూపాయి నాణెములో లోహమెంత యున్నదని యెవడును అడుగడు. రూపాయికి రూపాయి చెల్లిన చాలును. బులియన్ నాణెము కథ వేరు. దానిపై 10 యువానులని యున్నను, ఆ 10 యువానులకు దాని నెవడును అమ్మడు, ఎవడును కొనడు. ముఖవిలువ దాని కొక యలంకారము. తూకము, వన్నె యీ రెండే దాని యొడంబడిక. అలంకారమును చెక్కుచెదరకుండ నిలిపి ఒడంబడికను మార్చినయెడల, మార్పు కన్పట్టవలసినచోట కన్పట్టక, కన్పట్టనక్కఱలేనిచోట స్థిరత్వము కన్పట్టును. పాత నాణెపు ధరకే క్రొత్త నాణెమును కొన్నవాడు గ్రామునకు నూటికి మూడు రూపాయలు డెబ్బది పైసలవఱకు నెక్కువ చెల్లించినవా డగును. నూఱు వెండి నాణెములు కొన్నవానికి 110 గ్రాములకు పైగా, అనగా మూడున్నర ఔన్సుల వెండి తక్కువగును. కొనువాడు లక్షాధికారి యైన సహింపవచ్చును. ఏడాదికి రెండు మూడు నాణెములను పిల్లల చదువునకో పెండ్లికో యని కూడబెట్టు గుమాస్తాయో బడిపంతులో యగునెడల వాని కది స్వల్పమా? స్వల్పమని తీర్పు చెప్పుటకు వా డొక్కడే యర్హుడు. వాని సొమ్ముతో కొనని వారు కారు.

తరిగినదెంత యనుటకంటె, తరిగినంత ధరయు తగ్గినదా యని యడుగుట ముఖ్యము. అమ్మువాడు గ్రాము లెక్కన ధర కట్టి, తూకము తగ్గినంత సొమ్ము తగ్గించినచో కొనువానికి నష్టము లేదు. బిస్కత్తుల పొట్లము వెల మారక లోపలి తూకము తగ్గుట మన యందఱకు తెలిసినదే. ఆ పొట్లముపై నికర తూకమును ముద్రింపవలెనని మన దేశమున 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టమును, 2011 నాటి నిబంధనలును శాసించుచున్నవి. పొట్లమమ్ము వర్తకునకు విధించిన నియమమునకు రాజ్యముల టంకశాలలు లోబడనక్కఱలేదా? వర్తకుని కంటె రాజు తక్కువ నిజాయితీతో నుండవచ్చునా?

ఇచ్చటనే యసలు దోషము బయటపడుచున్నది; మూడు తెగలవారును దానిని చూడవలసినంతగా చూడలేదు. 2016 నాణెమును గూర్చి కేకలు వేసినవారు 2015 నాణెమును తిరిగి చూచుకొందురు గాక. ఆ యేటి పాండాలపై తూకము లేదు. వన్నె లేదు. ఇది బంగారమనియు, ఇది వెండి యనియు తెలుపు మాటయు లేదు. బొమ్మ యున్నది, ముఖవిలువ యున్నది, ఒడంబడిక లేదు. లోపల ఔన్సు తూకము సరిగానే యున్నది గదా యని సమాధానము చెప్పవచ్చును. ఉండవచ్చును. ఉన్నదని ముద్ర చెప్పనప్పుడు ముద్ర యేల? 2016లో తగ్గించి చెప్పిరి. 2015లో తగ్గించకయే మానము వహించిరి. ఈ రెండింటిలో నేది పెద్ద తప్పు? ధర్మాసనము ముందు నిలిచిన మాకు మౌనమే పెద్ద తప్పుగా తోచుచున్నది. తగ్గినదని చెప్పినవానితో బేరమాడవచ్చును, కొనకపోవచ్చును, వాదింపవచ్చును. ఏమియు చెప్పనివానితో నేమి చేయగలము? నేడు నోరు మూసికొనుట కలవాటుపడిన ముద్ర రేపు తగ్గించిననాడును నోరు మూసికొనియే యుండును. 2016లో తూకము, వన్నె మరల నాణెముపైకి వచ్చుట లాభమే. ఔన్సు పోయినందులకు వగచువారు, అక్షరము తిరిగివచ్చినందులకు సంతసింపవలదా?

తూకమును మార్చుచు పరువు నిలుపుకొన్న టంకశాలలు చరిత్రలో లేకపోలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములవారు 1853లో తమ చిల్లర వెండి నాణెముల తూకమును తగ్గించిరి. అర డాలరు 206 గ్రెయినుల పావునుండి 192 గ్రెయినులకు దిగినది. తరుగు నూటికి ఏడు వంతులకు సమీపము, పాండా తరుగునకు రెట్టింపు. కాని వారేమి చేసిరి? నాణెముపై నున్న సంవత్సరపు అంకెకు ఇరుప్రక్కల రెండు బాణపు గుర్తులు చెక్కిరి. అర డాలరు, పావు డాలరులపై ఆ యేడు వెనుక ప్రక్క గ్రద్ద చుట్టును కిరణములను గూడ నిలిపిరి. మరల 1873లో మెట్రిక్ లెక్కకు సరిపఱచుటకై ఆ నాణెముల తూకమును రవంత పెంచిరి. అర డాలరు 12.44 గ్రాములనుండి 12.50 గ్రాములైనది. పెంచినప్పుడును బాణములు చెక్కిరి! తగ్గింపునకును గుర్తు, పెంపునకును గుర్తు. చదువురాని వాడును బాణమును చూచి యిది వేఱని గ్రహింపగలడు. నేడు సేకర్తలు ఆ బాణపు నాణెములను ప్రత్యేకముగా వెదకి కొనుచున్నారు. నిజము చెప్పుటవలన నాణెమునకు విలువ పోలేదు; చరిత్ర చేరినది. పాండాపై ఒక చిన్న వెదురాకు గుర్తును సంవత్సరపు అంకె ప్రక్కన నిలుపుట కెంత శ్రమ?

తూకమును గూర్చి మాటలాడువారు ఇంకొక చిక్కును గూడ గమనింపవలెను. మొత్తపు తూకము వేఱు, మేలిమి తూకము వేఱు. క్రూగర్‌రాండు 33.93 గ్రాములుండును, అందు మేలిమి బంగారము సరిగా ఔన్సు, మిగిలినది గట్టిదనమునకై కలిపిన రాగి. ఇంగ్లండువారి బ్రిటానియా వెండి నాణెము 1997 మొదలు 2012 వఱకు నూటికి 95.8 వంతుల వెండితో 32.45 గ్రాములు తూగెడిది. 2013 మొదలు దానిని 999 వన్నెకు మార్చుటచే మొత్తపు తూకము గ్రామునకు పైగా తగ్గినది. మేలిమి వెండి మాత్రము ఔన్సునకు తగ్గలేదు. త్రాసుపై తూకము తగ్గెను గాని కొనువానికి చిల్లిగవ్వ నష్టము లేదు. దీనికి విపరీతమైన కథ మన యింటనే జరిగినది. 1835 నాటి చట్టముచే స్థిరపడిన మన రూపాయి 180 గ్రెయినులు తూగి, పండ్రెండు పాళ్లలో పదునొకండు పాళ్లు వెండి గలిగి యుండెను. 1940లో యుద్ధకాలమున తూకమును కదల్పకయే వెండిని సగమునకు దింపిరి. అంచున క్రొత్త గుర్తు వేసిరి. అదియు దొంగనాణెములను ఆపుటకే గాని ప్రజకు చెప్పుటకు కాదు. 1947 నాటి రూపాయి కేవలము నికెలు. రూప్యమనగా వెండి, పేరు నిలిచినది, వెండి నిలువలేదు. కావున కేవలము తూకమును చూచి నిట్టూర్చువాడును, కేవలము తూకమును చూచి నిశ్చింతగా నుండువాడును ఒకే గోతిలో పడుదురు. తూకము, వన్నె రెండు కన్నులు. ఒకటి మూసి చూచినచో దారి వంకరగా కనబడును.

స్థిరత్వమున కుదాహరణము కావలయునన్న సవరను కలదు. 1817 మొదలు నేటివఱకు దాని తూకము 7.988 గ్రాములే, 22 కారెట్ల వన్నెయే. 1918లో బొంబాయిలో ముద్రించిన సవరనులును ఇదే తూకము. మన కోస్తా జిల్లాలలో కాసు బంగారమనగా 8 గ్రాములని నేటికిని వాడుట కీ నాణెమే మూలము. రెండు వందల యేండ్లుగా మాట తప్పని నాణెము, జనుల భాషలో తూకపురాయిగా మారినది. స్థిరత్వమున కింతకు మించిన బహుమానము కలదా?

మాట నిలిచి తూకము జారిపోయిన దానికి మన తెలంగాణములోని తులమే సాక్షి. రూపాయి యెత్తు తులము; 180 గ్రెయినులు, 11.664 గ్రాములు. 1956 నాటి తూనికల చట్టము మెట్రిక్ పద్ధతిని తెచ్చినది. క్రమముగా బంగారపు కొట్లలో తులమనగా 10 గ్రాములని వాడుక యైనది. తరుగెంత? నూటికి పదునాలుగు వంతులు! పాండా తరుగునకు నాలుగు రెట్లు! దేశమున నెవడును కేక వేయలేదు. ధర గ్రాముల లెక్కన కట్టినంతకాలము నష్టము లేదు గనుక కేక వేయనక్కఱయు లేకుండెను. కాని ధర కాక, మాట మాత్రమే నిలిచిన చోట్ల నేమి జరుగును?

కొన్నేండ్ల క్రిందట నొక కుటుంబమువారు మా యొద్దకు వచ్చిరి. ఇంటి పెద్ద 1954లో వ్రాసి యుంచిన కాగితమొకటి తెచ్చిరి. ఇంటనున్న బంగారములో పది తులములు ఆడపిల్లల భాగమని అందున్నది. అన్నదమ్ములు 100 గ్రాములు తూచి తెచ్చి, చెల్లించితిమనిరి. వారు దుర్మార్గులు కారు. తులమనగా 10 గ్రాములని పుట్టినది మొదలు విన్నవారు. ఇంటి ముసలమ్మ మాత్రము ఒప్పుకొనలేదు. ఆమెకు గ్రాములు రావు, గ్రెయినులు రావు. పెట్టె తెరచి చేతిగుడ్డలో మూట గట్టిన పాత వెండి రూపాయలు పది తెచ్చి, “అయ్యా వకీలుగారూ, మా మామగారు కాగితము వ్రాసిననాడు తులమంటే ఇదే. ఈ పది ఒక తట్టలో వేయించండి, బంగారము రెండవ తట్టలో వేయించండి” అనినది. అరిగిన రూపాయలే యైనను ముల్లు వానివైపే వ్రాలినది. అన్నదమ్ములు తల వంచుకొని మిగిలిన పదియాఱు గ్రాముల చిల్లర తెచ్చి యిచ్చిరి. చట్టము పుస్తకము తెఱవనక్కఱ లేకపోయినది. పది నాణెములు సాక్ష్యము చెప్పినవి. డెబ్బది యేండ్ల నాటి తూకమును డెబ్బది యేండ్ల పిమ్మట పలికినవి. నాణెపు తూకము సేకర్తల వేడుక మాత్రమే యనువారు ఆ యిల్లాలి మూటను తలచుకొందురు గాక!

నిజాము రాజ్యములో నివసించినవారికి ఇది క్రొత్తపాఠము కాదు. హాలీ సిక్కా రూపాయి 11.18 గ్రాములు తూగి, నూటికి 81.8 వంతుల వెండి గలది. ఇంగ్లీషు రూపాయికంటె తూకమునను వన్నెయందును తక్కువ. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆఱు ఇంగ్లీషు రూపాయలకు చెల్లెడివి. మేలిమి వెండిని లెక్కించి చూచినను దాదాపు అదే పాలు వచ్చును. రెంటికిని రూపాయి యనియే పేరు. కాని బొమ్మలు వేఱు, లిపులు వేఱు గనుక రూపాయలెన్ని యని యడుగుటకు ముందు ఏ రూపాయలని యడుగుట జనుల కలవాటయ్యెను. రెండు తూకముల నాణెములు ఒకే సీమలో నడచుట కష్టమే గాని, కన్నులకు వేఱుగా కనబడునంతవఱకు మోసము కాదు. పాండా విషయమునను మా ఫిర్యాదు ఇంతే. రెండు తూకములుండుగాక, రెండు ముఖము లుండవలెను.

ఇక మూడవ తెగవారి మాట. వరుస తెగినదను వారి బాధను మేము తక్కువగా జూడము. ముప్పది యేండ్లు ఏటికొకటి చొప్పున కూర్చుకొన్న పేటికలో తుదివి వేఱు తూకము గలవగుట మనసునకు ముల్లుగా నుండును. అయినను వరుస తెగుటయు చరిత్రలో నొక పుటయే. 2015, 2016 నాణెములు రెండును గలిగిన పేటికయే యీ కథను సంపూర్ణముగా చెప్పగలది. తరువాతివానిని త్రోసివేయువాడు తనకు నచ్చని పుటను చించివేయు చరిత్రకారునివంటివాడు. మఱియు సేకర్తల గొంతు వ్యర్థము కాదని యీ నాణెములే యొకమాఱు నిరూపించినవి. 2001లో బొమ్మను స్థిరముగా నుంతుమని తలపెట్టి, 2002లోను అదే బొమ్మను ముద్రించిరి. సేకర్తలు అసమ్మతి తెలుపగా 2003 మొదలు మరల నేటేట క్రొత్త బొమ్మ వచ్చినది. బొమ్మకొఱకు పలికిన గొంతు తూకముకొఱకు పలుకలేదా? పలికినది, కాని ఔన్సు నిమ్మని పలికినది, గుర్తు నిమ్మని పలుకలేదు. అడుగరానిది అడిగి, అడుగవలసినది విడిచినవారికి ఏదియు దొరకదు.

ఏమి యడుగవలెను? మొదటిది: తూకము, మేలిమి వన్నె ప్రతి బులియన్ నాణెముపైనను ఏ యేడును మానక యుండవలెను. రెండవది: తూకము మారినయేడు కన్నునకు తగులు గుర్తు నాణెముపై నిలుపవలెను, పెరిగినను నిలుపవలెను, తగ్గినను నిలుపవలెను. మూడవది: తూకము మారినపుడు ముఖవిలువనో వ్యాసమునో గూడ మార్చవలెను, పాత చొక్కాలో క్రొత్తవానిని పంపరాదు. నాలుగవది: అమ్మువాడు నాణెము ధరతోపాటు మేలిమి గ్రాముధరను వ్రాసి చూపవలెను. అప్పుడు ఔన్సు నాణెమును 30 గ్రాముల నాణెమును ఒకే త్రాసుపై నిలుచును, తగవు పోవును. మన ప్రభుత్వము 2015 నవంబరులో అశోకచక్రముతో వెలువరించిన స్వర్ణనాణెము మొదటినుండియు 5, 10 గ్రాముల తూకమున నున్నది గనుక మనకు ఔన్సు చిక్కు లేదు. ఆ తూకములు రేపు మారవలసివచ్చినను ఈ నాలుగు నియమములు మనకును వర్తించును.

ఇవి క్రొత్త ధర్మములు కావు. కౌటిల్యుని అర్థశాస్త్రమున తూనికలను పరీక్షించుటకు పౌతవాధ్యక్షుడును, టంకశాలకు లక్షణాధ్యక్షుడును, నాణెములను పరీక్షించుటకు రూపదర్శకుడును వేఱువేఱుగా నియమింపబడిరి. ముద్ర వేయువాని చేతిలోనే పరీక్షయు నుండరాదని ఆ ఏర్పాటునకు భావము. నేడు సేకర్తలే లోకమునకు రూపదర్శకులు. జీతము లేకున్నను ఆ యుద్యోగమును వారు చేయుచున్నారు. చిన్న త్రాసుపై దశాంశములవఱకు తూచి, మార్పును మొదట పట్టుకొన్నవారు వారే. వారి గొణుగుడును పిచ్చియని త్రోసివేయువారు తమ మెడలోని గొలుసును గూర్చి యాలోచింతురు గాక. హాల్‌మార్కు వన్నెను చెప్పును గాని తూకమును చెప్పదు; తూకమునకు మన కన్నే కావలి.

మన బంగారము మంచిదైన కంసాలి యేమి చేయుననుట మన పెద్దల సామెత. మంచిదో కాదో యెఱుగవలెనన్న తూచుకొనవలెను, తూచినదానిని చెప్పవలెను. పఠనాలయమున నీ పత్రిక చదువు మిత్రులారా, ఇంటికి పోయి పెట్టె తెరచి, మీ పెద్దలు దాచిన పాత రూపాయి యొకటి తీసి త్రాసులో వేసి చూడుడు. అరిగియుండవచ్చును, మసిబారియుండవచ్చును. అయినను తన తూకము తానే చెప్పును.